కరిగింది సరే, ఏమై కరిగింది?

గ్లాబర్ ఉప్పు అని పేరున్న సోడియం సల్ఫేట్ స్ఫటికాలు గాజు పెచ్చుల్లా తేటగా ఉంటాయి. ఒక్కో పాలు సోడియం సల్ఫేట్‌కు పదేసి నీటి అణువులు వాటిలో కుదురుకుని ఉంటాయి. ఈ స్ఫటికాలను పరీక్షనాళికలో వేసి, వెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టి నెమ్మదిగా వేడి చేస్తే 32.4 డిగ్రీల సెల్సియస్ దగ్గర థర్మామీటరు ఆగిపోతుంది. వేడి అందుతూనే ఉంటుంది, ఉష్ణోగ్రత మాత్రం కదలదు. స్ఫటికాల అంచులు చెమ్మగిల్లుతాయి, మూలలు మొద్దుబారతాయి, కాసేపటికి నాళికలో ద్రవం చేరుతుంది. ఇంతవరకు చూసినవాళ్లెవరైనా ఉప్పు కరిగిందనే అంటారు. పట్టికల్లో కూడా దాని ద్రవీభవన స్థానం 32.4 డిగ్రీలనే రాసి ఉంటుంది. అయితే నాళిక అడుగున మెత్తని తెల్లటి పొడి ఒకటి మిగిలిపోతుంది. ఎంతసేపు ఉంచినా అది పోదు. ఇంకాస్త వేడి తగిలిస్తే పోతుందేమో అనుకుంటే, తగ్గకపోగా కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఆ పొడి నీరు లేని సోడియం సల్ఫేట్. లెక్క వేస్తే సంగతి తెలిసిపోతుంది. 100 గ్రాముల గ్లాబర్ ఉప్పులో సోడియం సల్ఫేట్ 44 గ్రాములు, నీరు 56 గ్రాములు. ఆ ఉష్ణోగ్రత దగ్గర 100 గ్రాముల నీళ్లలో సోడియం సల్ఫేట్ సుమారు 50 గ్రాములకు మించి కరగదు. కాబట్టి స్ఫటికం విడిచిన 56 గ్రాముల నీటిలో 28 గ్రాములు కరిగి, మిగతా 16 గ్రాములు అడుగున పేరుకుంటాయి. 32.4 డిగ్రీలు దాటాక నీరు లేని సోడియం సల్ఫేట్ కరిగే పరిమాణం ఉష్ణోగ్రతతో పాటు తగ్గుతుంది గనుక, మంట పెంచినకొద్దీ పొడి ఎక్కువవుతుంది.

ఒక పదార్థం ఎంత వేడికి కరుగుతుందని అడగడం బడి రోజుల నుంచీ మనకు అలవాటే. ఏమై కరుగుతుందని మాత్రం అడగం. మంచు కరిగితే నీరు, సీసం కరిగితే ద్రవ సీసం. ఘనం ఏదో ద్రవమూ అదే అనుకోవడం వల్ల ఆ ప్రశ్న తట్టదు. రెండు అంశాలు కలిసి ఏర్పడిన సమ్మేళనాల విషయంలో మాత్రం ఈ రెండో ప్రశ్నే ముఖ్యమైనది. ఎందుకంటే ఒక సమ్మేళనం ఎలా కరుగుతుందన్నది ఆ సమ్మేళనం ఒక్కటే తేల్చుకునే విషయం కాదు. ఆ రెండు అంశాల నుంచే పుట్టగల మిగతా ఘనపదార్థాలు, రకరకాల పాళ్లలో ఉండగల ద్రవాలు, అన్నీ కలిసి తేల్చే విషయం. ద్రవీభవన స్థానాన్ని సమ్మేళనపు సొంత లక్షణంగా పట్టికలో ఒక్క అంకెగా రాసేస్తే, ఈ పోటీ అంతా కళ్లకు కనబడకుండా పోతుంది.

ఆ పోటీని కాగితం మీద చూపేది ఫేజ్ డయాగ్రమ్, తెలుగు పాఠ్యపుస్తకాల్లో ప్రావస్థా చిత్రం. అడ్డంగా రెండు అంశాల పాళ్లు, నిలువుగా ఉష్ణోగ్రత. సమ్మేళనం ఒక స్థిరమైన కూర్పు గలది కనుక బొమ్మలో నిట్టనిలువు గీతగా కనిపిస్తుంది. ఆ గీత పైకి వెళ్లి ఒక గోపురం కొనను తాకితే, ఆ కొన దగ్గర ఘనం కూర్పూ ద్రవం కూర్పూ ఒకటే. అది కాంగ్రుయెంట్‌గా కరిగే సమ్మేళనం. మెగ్నీషియం ఒక పాలు, జింకు రెండు పాళ్లు కలిసిన లోహ సమ్మేళనం 590 డిగ్రీల దగ్గర ఇలాగే కరుగుతుంది. మరికొన్ని బొమ్మల్లో ఆ నిలువు గీత గోపురం దాకా వెళ్లదు. మధ్యలోనే ఒక అడ్డగీతకు తగిలి ఆగిపోతుంది. అక్కడ సమ్మేళనం విడిపోయి, వేరే కూర్పు గల ద్రవాన్నీ మరో ఘనాన్నీ ఇస్తుంది. ఇది ఇన్‌కాంగ్రుయెంట్ ద్రవీభవనం. ఆ అడ్డగీత ఉష్ణోగ్రతను పెరిటెక్టిక్ అంటారు. గ్లాబర్ ఉప్పు ఈ రెండో జాతిది. మనం వంటలో వాడే ఉప్పుకూ ఇలాంటి రూపం ఒకటుంది. డిగ్రీలో ఫేజ్ రూల్ చదివినవాళ్లకు ఉప్పు–నీరు బొమ్మలో మైనస్ 21 డిగ్రీల యూటెక్టిక్ బిందువు గుర్తుంటుంది. అక్కడ మంచుతో కలిసి గడ్డకట్టేది మామూలు ఉప్పని చాలామంది అనుకుంటారు. నిజానికి అది రెండు నీటి అణువులను పట్టుకున్న హైడ్రోహాలైట్. సున్నాకు కాస్త పైన, 0.1 డిగ్రీల దగ్గర అది ఉప్పుగానూ ఉప్పునీరుగానూ విడిపోతుంది కాబట్టి మన వంటగదిలో ఎప్పుడూ కంటబడదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. ఇలా విడిపోవడాన్ని కరగడం అనడం దేనికి, విచ్ఛిన్నం అంటే సరిపోదా? పంచదారను వేడి చేస్తే గోధుమరంగుకు తిరిగి పాకమవుతుంది. దాన్ని కరగడం కన్నా విచ్ఛిన్నం అనడమే సబబు కదా? ఈ రెండూ ఒకటి కావు. పంచదార ఎప్పుడు రంగు తిరుగుతుందో ఎంత త్వరగా వేడి చేశామన్న దాన్ని బట్టి మారుతుంది, చల్లార్చితే మళ్లీ పంచదార రాదు. పెరిటెక్టిక్ మార్పు అలాంటిది కాదు. విలర్డ్ గిబ్స్ 1876–78 మధ్య ప్రచురించిన ప్రావస్థా నియమం ఇక్కడ సూటిగా వర్తిస్తుంది. పీడనం మార్చకుండా ఉంచితే, రెండు అంశాల వ్యవస్థలో మూడు ప్రావస్థలు, అంటే సమ్మేళనం, కొత్త ఘనం, ద్రవం కలిసి ఉన్నంతసేపూ మార్చడానికి ఏ స్వేచ్ఛా మిగలదు. ఉష్ణోగ్రత, ద్రవం కూర్పు రెండూ బిగిసిపోతాయి. వేడి ఇస్తే మార్పు ముందుకు, తీస్తే వెనక్కు నడుస్తుంది, ఉష్ణోగ్రత మాత్రం అక్కడే ఉంటుంది. ఈ స్థిరత్వం ఎంత నమ్మదగినదంటే, పరమాణు భారాల కొలతలకు 1914 నోబెల్ బహుమతి అందుకున్న థియొడోర్ రిచర్డ్స్, గ్లాబర్ ఉప్పు మార్పు బిందువు 32.38 డిగ్రీలను థర్మామీటర్లు సరిచూసుకోవడానికి ప్రమాణంగా వాడవచ్చని చూపాడు. ఒక స్థిర ఉష్ణోగ్రత, గుప్తోష్ణం, వెనక్కు మళ్లే గుణం, ఈ మూడూ ఉన్న మార్పును ద్రవీభవనం కోవలోంచి తీసివేయడానికి నాకు కారణం కనబడదు. కరిగాక వచ్చిన ద్రవం కూర్పు వేరు, అంతే.

మరి ఒక సమ్మేళనం గోపురం దాకా వెళ్తే, మరొకటి మధ్యలోనే ఎందుకు ఆగిపోతుంది? ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా నిలిచేది గిబ్స్ స్వేచ్ఛాశక్తి అన్నింటికన్నా తక్కువగా ఉన్న అమరికే. వేడెక్కుతున్న సమ్మేళనం ముందు రెండు దారులుంటాయి. ఒకటి, ఉన్న కూర్పుతోనే మొత్తంగా ద్రవం కావడం. రెండోది, మరో ఘనం ప్లస్ మరో ద్రవం అనే జంటగా చీలిపోవడం. ఉష్ణోగ్రత పెరుగుతున్నకొద్దీ ఈ రెండు దారుల్లో ఏదో ఒకటి ముందుగా సమ్మేళనం కన్నా తక్కువ స్వేచ్ఛాశక్తికి దిగుతుంది. రెండో దారే ముందు దిగితే మొదటిదానికి అవకాశమే రాదు. అందువల్ల ఇన్‌కాంగ్రుయెంట్ సమ్మేళనానికి కూడా తనదైన గోపురం ఒకటి ఉంటుంది. అది పక్క ఘనం ఆక్రమించిన ప్రాంతం కింద మునిగిపోయి ఉంటుంది. బొమ్మలో ద్రవ ప్రాంతానికి కింది హద్దు అయిన ద్రవరేఖను పెరిటెక్టిక్ బిందువు దాటి ఊహగా పొడిగిస్తే ఆ మునిగిన కొన కనిపిస్తుంది. పోటీదారుడు లేకుంటే సమ్మేళనం ఇంకా పై ఉష్ణోగ్రత దాకా నిలిచి, అక్కడ నిండుగా కరిగి ఉండేదన్నమాట.

ఇది కేవలం కాగితం మీది ఊహ అనేవారికి ముల్లైట్ చరిత్ర మంచి సమాధానం. అల్యూమినా మూడు పాళ్లు, సిలికా రెండు పాళ్లు కలిసిన ఈ సమ్మేళనం కొలిమిలో వాడే రిఫ్రాక్టరీ ఇటుకలకు ప్రాణం లాంటిది. తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్లలోను, ఉత్తరాంధ్ర తీరపు బరువు ఇసుకలోను దొరికే సిల్లిమనైట్‌ను బాగా కాలిస్తే వచ్చేది ఇదే. ముల్లైట్ 1810 డిగ్రీల దగ్గర కొరండమ్‌గానూ (అంటే అల్యూమినా స్ఫటికంగానూ) ద్రవంగానూ విడిపోతుందని 1924లో బొవెన్, గ్రెగ్ తేల్చారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు సోవియట్ శాస్త్రవేత్తలు తొరొపొవ్, గలఖొవ్, 1962లో అమెరికాలో అరమకి, రాయ్ దానికి భిన్నంగా, అది విడిపోకుండా 1850 డిగ్రీల దగ్గర నిండుగా కరుగుతుందన్నారు. 1975లో అక్సాయ్, పాస్క్ మళ్లీ మొదటి మాటకే వచ్చి 1828 డిగ్రీల దగ్గర విడిపోతుందన్నారు. ఒకే పదార్థం, అందరూ సమర్థులే, ఫలితాలు మాత్రం రెండు రకాలు. అంత వేడి దగ్గర సిలికా కొంత ఆవిరై కూర్పు జారిపోవడం, ఉష్ణోగ్రత కొలతలో తేడాలు, ఇవన్నీ కారణాలే. అయితే అక్సాయ్, పాస్క్ ఇచ్చిన వివరణలో అసలు మెలిక వేరే ఉంది. కొరండమ్ స్ఫటికాలు పుట్టడానికి అవకాశం లేని పరిస్థితిలో ముల్లైట్ ఆ పెరిటెక్టిక్‌ను దాటి, తాత్కాలికంగా నిలిచే (మెటాస్టేబుల్) సమతాస్థితిలో కాంగ్రుయెంట్‌గానే కరుగుతుంది. మునిగిన గోపురం ప్రయోగశాలలో పైకి తేలిందన్నమాట! సమ్మేళనం మారలేదు, పక్కన పోటీదారుడు పుట్టాడా లేదా అన్నదే మారింది. కరిగే తీరు సమ్మేళనపు సొంత ఆస్తి కాదనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలిసి లేదు.

పీడనం మారినా పోటీ ఫలితం తారుమారవుతుంది. మెగ్నీషియం సిలికేట్ అయిన ఎన్‌స్టటైట్‌ను తీసుకుందాం. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తవ్వే బ్లాక్ గెలాక్సీ రాయిలో నల్లని నేల మీద మిలమిలలాడే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి, అంటే కొంత ఇనుము కలిసిన ఎన్‌స్టటైట్. వాషింగ్టన్‌లోని కార్నెగీ భూభౌతిక ప్రయోగశాలలో బొవెన్, ఆండర్సన్ 1914లో మెగ్నీషియా–సిలికా వ్యవస్థను పరిశీలించారు. కొద్దిపాటి నమూనాను స్థిర ఉష్ణోగ్రత దగ్గర గంటల తరబడి ఉంచి, ఉన్నట్టుండి చల్లార్చితే అప్పటిదాకా ద్రవంగా ఉన్నదంతా గాజుగా బిగుసుకుంటుంది, ఘనంగా ఉన్నది స్ఫటికంగా మిగులుతుంది. ఆ పలుకును సూక్ష్మదర్శిని కింద చూస్తే ఆ ఉష్ణోగ్రత దగ్గర ఏవేవి కలిసి ఉన్నాయో చదువుకోవచ్చు. అలా వాళ్లు చూసింది గాజులో పొదిగిన ఫోర్‌స్టరైట్ గింజలను, అంటే మెగ్నీషియం ఆలివిన్‌ను. సాధారణ పీడనంలో ఎన్‌స్టటైట్ 1557 డిగ్రీల దగ్గర ఫోర్‌స్టరైట్‌గానూ, సిలికా ఎక్కువ ఉన్న ద్రవంగానూ విడిపోతుందని అలా తేలింది. శిలల పుట్టుకకు ఇది చాలా పెద్ద విషయం. చల్లబడే మాగ్మాలో మొదట పుట్టిన ఆలివిన్ గింజలు ఆ తర్వాత ద్రవంతో చర్య జరిపి పైరాక్సీన్‌గా, అంటే ఎన్‌స్టటైట్ జాతి ఖనిజంగా, మారాలి. ఆలివిన్ ముందే అడుగుకు దిగిపోయినా, చుట్టూ పైరాక్సీన్ పొర కట్టి ద్రవానికి అందకుండా పోయినా, మిగిలిన ద్రవంలో సిలికా పేరుకుపోయి చివరికి క్వార్ట్జ్ దాకా వెళ్లగలదు. ఒకే మాగ్మా నుంచి వేర్వేరు శిలలు ఎలా వస్తాయన్న బొవెన్ సిద్ధాంతానికి ఈ పెరిటెక్టిక్ ఒక మూలస్తంభం. అదే ఎన్‌స్టటైట్‌ను భూగర్భంలో లోతున ఉండే పీడనాల కింద కరిగిస్తే విడిపోదు, కాంగ్రుయెంట్‌గా కరుగుతుంది. ఆ లోతులో నీరు చేరితే మళ్లీ విడిపోవడం మొదలవుతుంది. ఇన్ని రకాలుగా ప్రవర్తించేదాన్ని 1557 అనే ఒక్క అంకెలో పెట్టి చెప్పగలమా?

పోనీ, కాంగ్రుయెంట్ సమ్మేళనాల దగ్గరైనా ఆ ఒక్క అంకె నిలుస్తుంది కదా అనవచ్చు. చాలావరకు నిలుస్తుంది, దాన్ని ఒప్పుకోవాల్సిందే. అక్కడ కూడా రెండు చిక్కులున్నాయి. గోపురం కొన సూదిలా ఉండక సాధారణంగా గుండ్రంగా ఉంటుంది. సమ్మేళనం ద్రవంలో కూడా చెక్కుచెదరకుండా ఉంటే కొన పదునుగా ఉండేది. అది గుండ్రబడిందంటే కరిగాక సమ్మేళనం ఎంతో కొంత తన అంశాలుగా విడిపోతోందని అర్థం. కొన ఎంత చదునైతే ద్రవంలో సమ్మేళనం అంత తక్కువగా మిగిలిందన్నమాట. అంటే కాంగ్రుయెంట్ అన్న మాట కూర్పు మారలేదని హామీ ఇస్తుంది గానీ, నిర్మాణం నిలిచిందని ఇవ్వదు. రెండో చిక్కు లిథియం నయోబేట్‌ది. ఆప్టికల్ ఫైబర్ సమాచార వ్యవస్థల్లో కాంతిని మలిచే పరికరాలకు వాడే స్ఫటికం ఇది. సూత్రం ప్రకారం లిథియం ఆక్సైడ్, నయోబియం ఆక్సైడ్ సరిసమానంగా, 50–50గా ఉండాలి. కానీ ఇది కొద్దిపాటి లోటుపాట్లతోనూ స్ఫటికంగా నిలవగలదు కాబట్టి బొమ్మలో సన్నని గీతగా కాక పట్టీగా కనిపిస్తుంది, గోపురం కొన 50 దగ్గర ఉండదు. లిథియం ఆక్సైడ్ 48.5 శాతం దగ్గర ఉంటుంది. 50–50 పాళ్లలో కరిగించి, అందులోంచి స్ఫటికాన్ని పైకి లాగితే మొదట వచ్చే భాగంలో లిథియం తక్కువ, మిగిలే ద్రవంలో ఎక్కువ. లాగుతున్నకొద్దీ స్ఫటికం మొదలుకూ చివరకూ పొంతన లేకుండా పోతుంది. 48.5 దగ్గర మొదలుపెడితే పైనుంచి కింది దాకా ఒకే రకంగా వస్తుంది. అందుకే బజారులో దొరికే లిథియం నయోబేట్‌లో ఎక్కువ భాగం, సూత్రం కోరినంత లిథియం లేని స్ఫటికమే. సూత్రం చెప్పిన కూర్పు కన్నా బొమ్మ చెప్పిన కూర్పుకే పరిశ్రమ కట్టుబడింది.

సిలికాన్ కార్బైడ్ దీనికి అవతలి కొస. సిలికాన్ 1414 డిగ్రీల దగ్గర కరిగి ద్రవమవుతుంది, దాన్నుంచి నిమిషానికి మిల్లీమీటరు లెక్కన కడ్డీ లాగవచ్చు. సిలికాన్ కార్బైడ్‌కు ఆ భాగ్యం లేదు. సాధారణ పీడనంలో అది కరగకముందే ఆవిరై, గ్రాఫైట్‌ను వదిలేస్తుంది. పీడనం పెంచి ఆవిరిని ఆపినా 2,800 డిగ్రీలు దాటాక గ్రాఫైట్‌గానూ, సిలికాన్ ఎక్కువగా ఉన్న ద్రవంగానూ చీలిపోతుంది. అదే కూర్పు గల ద్రవం కావాలంటే లక్ష వాతావరణాల పీడనం అవసరమని అంచనా. కాబట్టి విద్యుత్ వాహనాల ఇన్వర్టర్లలోకి వెళ్లే ఈ స్ఫటికాన్ని ఆవిరి నుంచి, గంటకు మిల్లీమీటరులో కొంత వంతు చొప్పున పెంచుతారు. దాని ధరకు ఒక ప్రధాన కారణం ఆ బొమ్మలోని ఒక అడ్డగీత.

చివరి అభ్యంతరం లెక్కకు సంబంధించినది. గ్లాబర్ ఉప్పులో 100కు 16 గ్రాములే కదా మిగిలింది, 84 గ్రాములు ద్రవమైంది కదా, ఆ కాస్తకు ఇంత వాదన దేనికని. దీనికి జవాబు 1948లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం డోవర్‌లో కట్టిన ఇంట్లో ఉంది. హంగరీలో పుట్టిన శాస్త్రవేత్త మరియా టెల్కెస్ ఆలోచన, ఎలినార్ రేమండ్ నమూనా, అమీలియా పీబడీ డబ్బు. ముగ్గురు స్త్రీలు కలిసి ఎండ వేడితోనే చలికాలం గడిపే ఇంటిని నిలబెట్టారు. పగటి ఎండను గ్లాబర్ ఉప్పు నింపిన డబ్బాలు దాచుకోవాలి, రాత్రి గడ్డకడుతూ ఇంటికి ఇవ్వాలి. కిలోకు 250 కిలోజౌళ్ల గుప్తోష్ణం, గది వెచ్చదనానికి సరిపోయే 32 డిగ్రీలు, చవక ధర; ఎంపికలో తప్పు పట్టడానికి లేదు. మొదట ఇల్లు వెచ్చగానే ఉంది. మూడో చలికాలానికి ఏర్పాటు చేతులెత్తేసింది. డబ్బాలు తుప్పుపట్టడం ఒక కారణం. రెండో కారణం ఆ 16 గ్రాములే. నీరు లేని సోడియం సల్ఫేట్ ద్రవం కన్నా చాలా బరువు, అడుగుకు దిగిపోతుంది. రాత్రి చల్లబడేటప్పుడు పొడికీ ద్రవానికీ మధ్య గ్లాబర్ ఉప్పు పొరలా గట్టిపడి, పైనున్న నీరు కిందున్న పొడిని చేరకుండా అడ్డుకుంటుంది. ఆ పూటకు కొంత పొడి తిరిగి కలవకుండా మిగిలిపోతుంది. మర్నాడు ఇంకొంత. కరగడం, గడ్డకట్టడం అనే చక్రం తిరిగినకొద్దీ డబ్బాలో అడుగున ఉప్పు, పైన పలచని ద్రావణం వేరుపడి, దాచుకోగల వేడి తగ్గుతూ పోతుంది. కాంగ్రుయెంట్‌గా కరిగే పదార్థానికి ఈ జబ్బు పట్టదు, ఎన్నిసార్లు కరిగినా దాని ద్రవంలో కావలసినవన్నీ కావలసిన పాళ్లలో పక్కపక్కనే ఉంటాయి.

టెల్కెస్ ఆ ఉప్పును వదిలిపెట్టలేదు. ద్రవం గడ్డకట్టే ఉష్ణోగ్రత కన్నా కిందికి పోయినా ద్రవంగానే ఉండిపోయే ఇబ్బందికి కొద్దిగా బోరాక్స్ కలిపితే స్ఫటికాలు త్వరగా పుడతాయని కనిపెట్టింది. పొడి అడుగుకు దిగకుండా ఒక జాతి బంకమట్టి కలిపి మిశ్రమాన్ని చిక్కగా చేసే పద్ధతికి 1970లలో పేటెంటు పొందింది. చిక్కదనం పొడిని నీటి పక్కనే నిలబెడుతుంది, పెరిటెక్టిక్‌ను మాత్రం తీసేయదు. తీసేయాలంటే బొమ్మ మీద నిలబడే చోటే మార్చుకోవాలి. 100 గ్రాముల గ్లాబర్ ఉప్పుకు ముందే 33 గ్రాముల నీరు అదనంగా కలిపితే, మొత్తం సోడియం సల్ఫేట్‌ను 32.4 డిగ్రీల దగ్గర కరిగించుకోవడానికి సరిపడా నీరు ఉంటుంది, పొడి మిగలదు. దానికి చెల్లించే మూల్యం కూడా ఆ బొమ్మలోనే రాసి ఉంది. బరువులో నాలుగో వంతు అదనపు నీరే అయినందున కిలోకు దక్కే వేడి తగ్గుతుంది. పైగా ఆ మిశ్రమం 32.4 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా గడ్డకట్టదు. గ్లాబర్ ఉప్పు విడివడుతున్నకొద్దీ ద్రవం పలచబడి, మిగతాది ఇంకా ఇంకా చల్లబడితేనే గట్టిపడుతుంది. గది 25 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉండాలనుకునే ఇంటికి, 15 డిగ్రీల దగ్గర విడుదలయ్యే వేడి ఎందుకూ కొరగాదు.